వెనక పేజీ చుక్క ముందు పేజీలోకి ఎలా వచ్చింది?

విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల షాపులో కొన్న ఇంటర్ గైడు అది. లెక్క చేస్తూ మా మేనకోడలు 25ని 2.5 అని చదివింది. మధ్యలో కనబడిన చుక్క ఆ పేజీది కాదు, వెనక పేజీలోని ఫుల్‌స్టాప్. లెక్క తప్పిందని పిల్ల తనను తానే తిట్టుకుంది. తప్పు కాగితానిది.

ఇది చాలా పాత బాధ. చైనాలో చెక్క అచ్చులతో పుస్తకాలు వేసిన రోజుల్లో పల్చటి కాగితానికి ఒకవైపే అచ్చువేసి, ఖాళీవైపు లోపలికి పోయేలా మడిచి కుట్టేవారు. రెండువైపులా అచ్చు వేసేచోట ఆ వీలు లేదు. బైబిల్ లాంటి లావు గ్రంథం చేతిలో ఇమడాలంటే కాగితం పల్చగానూ ఉండాలి, అవతలిది కనబడనూ కూడదు. 1875లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు ‘ఇండియా పేపర్’ మీద బైబిల్ వేసి అది సాధ్యమేనని చూపించారు. పేరులో ఇండియా ఉన్నా ఆ కాగితం తయారైంది ఇంగ్లండ్‌లోనే.

కిటుకేమిటో పకోడీల పొట్లం చెబుతుంది. నూనె అంటినచోట అవతలి అక్షరాలు తేలతాయి కదా. కాగితమంటే పీచు, దాని సందుల్లో గాలి. ఒకదాన్నుంచి మరోదాంట్లోకి వెళ్లే ప్రతిసారీ వెలుతురు చెదురుతుంది. ఆ చెదరడం వల్లే కాగితం తెల్లగా, తెరలా ఉంటుంది. నూనె వెలుతురును దాదాపు పీచులాగే వంచుతుంది కాబట్టి, గాలి స్థానంలో అది చేరితే చెదరడం తగ్గి తెర పల్చబడుతుంది. ఇంకులోని నూనె లోపలికి దిగినా అంతే. అందుకే మిల్లులు గుజ్జులో చైనా క్లే, కాల్షియం కార్బొనేట్ కలుపుతాయి. ఖరీదైన రకాల్లో టైటానియం డయాక్సైడ్ వేస్తాయి. పీచు వక్రీభవన గుణకం, అంటే వెలుతురును ఎంత వంచుతుందన్న కొలత, 1.5 దగ్గరుంటే దానిది 2.5 పైమాటే, కాబట్టి వెలుతురును గట్టిగా చెదరగొడుతుంది.

మన దగ్గర పుస్తకం వేయించేవాళ్ల బేరం మాత్రం ‘ఎన్ని జీఎస్ఎం?’ దగ్గరే ఆగిపోతుంది. జీఎస్ఎం అంటే చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందన్న లెక్క, అంతే. న్యూస్‌ప్రింట్ 45 జీఎస్ఎం ఉన్నా అవతలిది బాగానే దాస్తుంది. అందులో మిగిలిన లిగ్నిన్, అంటే చెక్క పీచును అంటిపెట్టే జిగురులాంటి పదార్థం, వెలుతురును పీల్చుకుంటుంది. బాగా బ్లీచ్ చేసి, రోలర్ల మధ్య నున్నగా నొక్కిన తెల్ల కాగితం అదే బరువులో అంత దాచలేదు. అడగాల్సింది ఒపాసిటీ శాతం, అంటే అవతలిది ఎంత దాస్తుందన్న లెక్క. షీటు కింద ఒకసారి నలుపు, ఒకసారి అదే కాగితం దొంతర పెట్టి, తిరిగొచ్చే వెలుతురును పోల్చి దాన్ని లెక్కిస్తారు.

తెలుగుకు ఇది మరీ ముఖ్యం. మన ఒత్తులు వరుసల మధ్య ఖాళీలోకే దిగుతాయి. వెనక వరుస సరిగ్గా అక్కడే తేలితే క్రావడి ఏదో, మరక ఏదో కళ్లకు తెలియదు. రెండువైపుల వరుసలూ ఒకదాని వెనక ఒకటి పడేలా పేజీలు కడితే చాలావరకు నయం.

మా మేనకోడలు ఇప్పుడు ఆ పేజీ కింద నల్ల అట్ట పెట్టుకుని లెక్కలు చేస్తోంది. పేజీ కాస్త మసగ్గా ఉంటుంది కానీ, ఆ చుక్క కనబడటం లేదు.