సూది ఎప్పుడు ఎక్కుతోంది?

సంక్రాంతికి ఊరెళ్తూ పంతంగి టోల్‌ప్లాజా ముందు కార్ల బారులో ఇరుక్కున్నాం. జనవరి చలి. అయినా టెంపరేచర్ సూది మెల్లగా ఎర్ర గీత వైపు జరుగుతోంది. మా బావమరిది నీళ్ల బాటిల్ పట్టుకుని "దిగి రేడియేటర్‌లో పోసొస్తా బావా" అన్నాడు. వద్దని అరవాల్సి వచ్చింది.

మామూలుగా నీళ్లు 100 డిగ్రీలకే మరుగుతాయి. ప్రెషర్ కుక్కర్‌లో ఆవిరిని వెయిట్ ఆపేస్తుంది కాబట్టి ఒత్తిడి పెరిగి, 120 డిగ్రీలు దగ్గరపడేదాకా మరగవు. రేడియేటర్ మూతలోని స్ప్రింగు చేసేదీ అదే పని. చాలా కార్లలో లోపలి ఒత్తిడి బయటి గాలి కంటే ఒక బార్ (దాదాపు మామూలు గాలి ఒత్తిడి అంత) దాకా ఎక్కువ ఉంటుంది. ఇంజిన్ వేడిని మోసుకొచ్చి రేడియేటర్‌లో చల్లారే ద్రవమే కూలెంట్. దాంట్లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ అనే రసాయనం వల్ల మరిగే హద్దు ఇంకాస్త పెరుగుతుంది. వేడి మీద మూత తిప్పారంటే ఒత్తిడి ఒక్కసారిగా పడిపోయి, అప్పటిదాకా మరగకుండా ఉన్న ద్రవం భగ్గున ఆవిరై మొహం మీదికి చిమ్ముతుంది. ఆవిరి పోకముందే కుక్కర్ మూత ఎవరైనా తీస్తారా?

నేను ఏసీ ఆపి, అద్దాలు దించి, హీటర్ ఫుల్లుగా పెట్టాను. ఇంజిన్‌లోంచి వచ్చే వేడి కూలెంటే డాష్‌బోర్డు వెనక ఉండే హీటర్ కోర్‌లో తిరుగుతుంది. అదీ ఒక బుల్లి రేడియేటరే. ఇంజిన్ వేడి కొంత మా మొహాల మీదికి వచ్చింది, ఇంట్లోవాళ్లు తిట్టుకున్నారు, కానీ సూది ఆగింది. అప్పటికీ ఆగకపోతే పక్కకు తీసి ఇంజిన్ ఆపేయడమే. టోల్ దాటి స్పీడందుకున్నాక సూది దానంతటదే మామూలు చోటికి వచ్చేసింది.

సగం రోగం అక్కడే తెలిసిపోయింది. బండి పరుగులో ఉంటే ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది, ఆగితే ఆ పని ఫ్యాన్‌ది. ట్రాఫిక్‌లో ఎక్కి హైవే మీద దిగే సూదికి ముందు ఫ్యాన్‌నే అనుమానించాలి. హైవే మీదో, ఘాట్ ఎక్కేటప్పుడో సూది లేస్తే మాత్రం తేడా ఎక్కువగా కూలెంట్ ప్రవాహంలో ఉంటుంది. రేడియేటర్ పూడుకుపోవచ్చు, వాటర్ పంపు పాడైపోవచ్చు. బోరు నీళ్లు పోసే అలవాటుంటే పూడిక ఖాయం. గీజర్ రాడ్డుకు పట్టే తెల్ల గారే రేడియేటర్ సన్న గొట్టాల్లోనూ పడుతుంది.

మర్నాడు పొద్దున ఇంజిన్ చల్లగా ఉండగా కూలెంట్ మట్టం చూశాను, సరిగానే ఉంది. ఇంజిన్ స్టార్ట్ చేసి ఏసీ వేశాను. చాలా కార్లలో అప్పుడు రేడియేటర్ ఫ్యాన్ తిరగాలి. తిరగలేదు. ఫ్యూజు బాగానే ఉంది. బాక్సులో ఫ్యాన్ రిలేకీ (కరెంటును ఆన్-ఆఫ్ చేసే చిన్న స్విచ్), హారన్ రిలేకీ ఒకే నంబరు కావడంతో, తాళం తీసేసి ఆ రెండింటినీ అటూఇటూ మార్చాను. మళ్లీ స్టార్ట్ చేస్తే ఫ్యాన్ గిర్రున తిరిగింది. బావమరిది ఎంత నొక్కినా హారన్ మోగలేదు. దొంగ దొరికాడు! కొన్ని బండ్లలో ఇంజిన్ ఆపేసినా ఫ్యాన్ తిరుగుతుంది, చేతులు జాగ్రత్త.

ఫ్యాన్ బాగానే ఉంటే తర్వాతి అనుమానం థర్మోస్టాట్ మీద, అంటే ఇంజిన్ వేడెక్కాక తెరుచుకుని కూలెంట్‌ను రేడియేటర్‌లోకి తిరగనిచ్చే వాల్వు మీద. సూది ఎక్కినా రేడియేటర్ కింది రబ్బరు పైపు చల్లగానే ఉందంటే అది తెరుచుకోవడం లేదేమో. దాని లోపల మైనం ఉంటుంది. వేడికి కరిగి ఉబ్బి వాల్వును నెడుతుంది. విప్పి తీయగలిగితే గిన్నెడు నీళ్లలో వేసి పొయ్యి మీద పెట్టండి. దాని మీద 82 అనో 88 అనో ముద్రించి ఉంటుంది, నీళ్లు ఆ వేడికి వచ్చాక వాల్వు నెమ్మదిగా నోరు తెరవడం కళ్లారా చూడొచ్చు. తెరవకపోతే కొత్తది వేయాలి. "పీకేసి నడిపేయండి సార్" అనే సలహా మాత్రం వినొద్దు. ఇంజిన్ సరిగా వేడెక్కక మైలేజీ పడిపోతుంది.

ఆయిల్ మూత కింద పాలమీగడలాంటి నురగ, సైలెన్సర్‌లోంచి ఆగని తెల్లపొగ, కూలెంట్‌లో బుడగలు కనిపిస్తే హెడ్ గాస్కెట్ (ఇంజిన్ బ్లాకుకూ దాని పైభాగానికీ మధ్య ఉండే సీలు) పోయి ఉండొచ్చు. ఇంటి దగ్గర తేలే పని కాదు. బండిని గ్యారేజీకి నడిపించుకుంటూ కూడా వెళ్లొద్దు, టోయింగ్ బండిని పిలిపించండి.