పొరుగు రాష్ట్రం కూలీ, మన ఊరి కోర్టు: కన్నబిరాన్ గారిని తలుచుకుంటూ కొన్ని అపోహలు – వాస్తవాలు

కె.జి. కన్నబిరాన్ గారు 1929 నవంబరు 9న మదురైలో పుట్టారు. మద్రాసులో లా చదివి, హైదరాబాదు హైకోర్టుకు వచ్చి, తెలుగువాళ్ల పౌరహక్కుల లాయరుగా స్థిరపడ్డారు. 2010 డిసెంబరు 30న కన్నుమూశారు. వర్ధంతికి పటానికి దండ వేయడం ఎవరైనా చేస్తారు. జవ్వాది కొండల నుంచి కూలికొచ్చి, ఎర్రచందనం కేసులో తిరుపతి కోర్టు మెట్లెక్కే తమిళుడికి ఆయన జీవితమంతా వాదించిన సూత్రాలు ఏ కాగితం మీద, ఏ గంటలో పనికొస్తాయో తెలుసుకోవడం అంతకన్నా అవసరం. ఈ విషయంలో మన జిల్లాలో చాలా అపోహలున్నాయి.

అపోహ: పౌరహక్కుల లాయరంటే నక్సలైట్ల లాయరు.

నక్సలైట్ నాయకుల మీద పెట్టిన పార్వతీపురం కుట్ర కేసులో ముద్దాయిల తరఫున ఆయన నిలబడిన మాట నిజమే. 1977లో ఎన్‌కౌంటర్లను విచారించిన తార్కుండే కమిటీలోనూ పనిచేశారు. 1978 నుంచి 1994 దాకా ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘానికి, ఆ తర్వాత జాతీయ స్థాయి పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్‌కు అధ్యక్షులుగా ఉన్నారు. ఎక్కడున్నా ఆయన వాదన ఒకటే, ప్రభుత్వం తాను చేసిన చట్టాన్ని తాను పాటించాలని. దుంగ మోసిన కూలీకి ఆ వాదన వర్తించదని ఏ చట్టంలోనూ లేదు.

అపోహ: 24 గంటల లెక్క అరెస్టు చూపించినప్పటి నుంచి మొదలవుతుంది.

ఎక్కువ కేసులు దెబ్బతినేది ఇక్కడే. రాజ్యాంగం 22(2) అధికరణం, పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత 58వ సెక్షను చెప్పేది ఒకటే: పట్టుకున్న 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. పట్టుకున్న చోటి నుంచి కోర్టుకు ప్రయాణమైన సమయాన్ని మాత్రమే మినహాయిస్తారు. శేషాచలం అడవి నుంచి తిరుపతి కోర్టుకు ఆ మినహాయింపు ఏపాటిదో చెప్పక్కర్లేదు. పట్టుకున్నది అటవీ శాఖ వాళ్లయినా లెక్క మారదు. మనిషి స్వేచ్ఛ పోయిన క్షణం ముఖ్యం, రిమాండు రిపోర్టులో రాసుకున్న టైము కాదు.

అయితే ఆ క్షణాన్ని రుజువు చేయాలి. ఇంటివాళ్లతో చివరిసారి మాట్లాడిన ఫోన్ టైము, బస్సు టికెట్టు, తోటి కూలీల పేర్లు ముందుగా రాసి పెట్టుకోవాలి. పోలీస్ స్టేషన్ సీసీ కెమెరా రికార్డింగును 18 నెలలు దాచాలని 2020లో సుప్రీంకోర్టు పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో చెప్పింది. 'ఫలానా తేదీల రికార్డింగు భద్రపరచండి' అని మొదటి రిమాండు రోజే కోర్టులో మెమో వేయాలి. మూడు నెలలయ్యాక అడిగితే కెమెరా చెడిపోయిందనే జవాబు వస్తుంది.

అపోహ: మనిషి కనపడకపోతే హెబియస్ కార్పసే దిక్కు, దానికి రక్తసంబంధీకులే రావాలి.

హెబియస్ కార్పస్ అంటే నిర్బంధంలో ఉన్న మనిషిని కోర్టు ముందుకు తెమ్మని అడిగే రిట్. దాన్ని స్నేహితుడైనా వేయొచ్చు. కానీ అది అమరావతి హైకోర్టు దాకా వెళ్లాలి. ఈలోగా మనిషిని రిమాండుకు పంపేస్తే పిటిషన్ చాలాసార్లు నిష్ఫలమవుతుంది. అందుకని స్థానికంగానే ఫస్ట్‌క్లాస్ మేజిస్ట్రేటు దగ్గర సంహిత 100వ సెక్షను (పాత సీఆర్‌పీసీలో 97) కింద, అక్రమంగా నిర్బంధించిన మనిషిని వెతికించమని వారెంటు అడగొచ్చు. మన జూనియర్ లాయర్లలో చాలామంది ఈ సెక్షనే వాడరు! ఎస్పీకి, కలెక్టరుకు ఈమెయిలు పెట్టి, పంపిన సమయం కనపడే కాపీని పిటిషన్‌కు జత చేయండి.

అపోహ: అరెస్టు కారణాలు తెలుగులో చదివి వినిపించి, సంతకం తీసుకుంటే సరిపోతుంది.

అతనికి తమిళమే వస్తే సరిపోదు. అరెస్టు కారణాలను ఆ మనిషికి అర్థమయ్యే భాషలో రాతపూర్వకంగా ఇవ్వాలని 2025 నవంబరు 6న సుప్రీంకోర్టు మిహిర్ రాజేశ్ షా కేసులో చెప్పింది. అరెస్టు సమయంలో ఇవ్వలేకపోతే నోటితో చెప్పి, మేజిస్ట్రేటు ముందు రిమాండుకు పెట్టడానికి కనీసం రెండు గంటల ముందైనా కాగితం చేతికివ్వాలి. కాబట్టి రిమాండు రోజు లాయరు మొదట అడగాల్సింది బెయిలు కాదు, ఆ కాగితం.

విచారణ లేకుండానే ముందస్తుగా నిర్బంధించే పీడీ చట్టం ప్రయోగిస్తే భాష మరీ కీలకం. 1986 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం ప్రకారం నిర్బంధ కారణాలు 5 రోజుల్లో ఇవ్వాలి, 12 రోజుల్లో ప్రభుత్వం ఆమోదించాలి, 3 వారాల్లో, నిర్బంధం సబబో కాదో చూసే సలహా మండలికి పంపాలి, నిర్బంధం మొదలైన 7 వారాల్లో మండలి నివేదిక రావాలి. నిర్బంధం 12 నెలలు మించకూడదు. తెలియని భాషలో ఇచ్చి, నోటితో వివరించామంటే చెల్లదని హరికిషన్ కేసులో 1962లోనే తేలిపోయింది. తమిళ అనువాదం లేని ఒక్క పేజీ చాలు, నిర్బంధ ఆర్డరు పడిపోవచ్చు. అందుకే ఇచ్చిన కట్టలో ప్రతి పేజీ లెక్కపెట్టి, ఏది ఏ భాషలో ఉందో పట్టిక రాయాలి. ఓపిక కావాల్సిన పనే, కానీ ఫలితం ఇచ్చేదీ ఇదే.

అపోహ: ఎదురుకాల్పుల్లో చనిపోతే ఆత్మరక్షణ అన్నాక కేసుండదు.

2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవిలో 20 మంది కూలీలు కాల్పుల్లో చనిపోయారు. ఇలాంటి ప్రతి మరణంలో ఎఫ్ఐఆర్ నమోదు చేయాలన్న వాదనను కన్నబిరాన్, బాలగోపాల్ వంటివారు ఉమ్మడి హైకోర్టులో వినిపిస్తే, 2009 ఫిబ్రవరిలో అయిదుగురు జడ్జీల బెంచి ఒప్పుకుంది. దానిమీద సుప్రీంకోర్టులో స్టే వచ్చింది. ఇప్పుడు చేతికి దొరికేది 2014లో పీయూసీఎల్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన 16 సూత్రాలు. ఎఫ్ఐఆర్, సీఐడీ లేదా వేరే స్టేషన్ బృందంతో దర్యాప్తు, ఇద్దరు డాక్టర్ల పోస్ట్‌మార్టం, దాని వీడియో, మేజిస్టీరియల్ విచారణ. కుటుంబం ముందుగా అడగాల్సింది ఆ వీడియో కాపీ.

అపోహ: లాయరుకు డబ్బుల్లేకపోతే చేసేదేమీ లేదు.

కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. 15100కు ఫోన్ చేస్తే చాలు.

అపోహ: బెయిలొచ్చినా లోకల్ షూరిటీ (పూచీ ఉండే స్థానిక జామీనుదారు) లేకపోతే బయటికి రాలేరు.

తిరువణ్ణామలై మనిషికి తిరుపతిలో ఇల్లు, పొలం ఎక్కడివి? 1978లో మోతీరామ్ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ సరిగ్గా ఇదే అడిగారు: దూరప్రాంతంలో అరెస్టయిన తెలుగువాడో తమిళుడో అక్కడ ఆస్తిపరుణ్ణి జామీనుగా ఎక్కడ తేగలడని. వేరే రాష్ట్రం వాడన్న కారణంతోనే జామీనుదారుణ్ణి తిరస్కరించకూడదు. జామీనుదారుకు ఆస్తి ఉందని సొంతూరి తహసీల్దారు ఇచ్చే సాల్వెన్సీ సర్టిఫికెట్టు, దానికి అనువాదం పట్టుకెళ్లండి. అప్పటికీ కుదరకపోతే 2023 జనవరి 31 నాటి సుప్రీంకోర్టు ఆదేశాలు ఉన్నాయి. బెయిలొచ్చిన 7 రోజుల్లో విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంట్ జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శికి చెప్పాలి. నెలలోపు పూచీకత్తు ఇవ్వలేకపోతే షరతులు సడలించే విషయం కోర్టే తనంతట తానుగా చూడొచ్చు. కొత్త పిటిషన్ టైపు చేయించేముందు, ఆ సమాచారం జైలు నుంచి వెళ్లిందో లేదో కనుక్కోండి.