బిడ్‌విల్ అంకెలను ఎలా చదవాలి: అపోహలు - వాస్తవాలు

సిడ్నీ నగర కేంద్రానికి పడమటగా 40 కిలోమీటర్లు దాటాక, మౌంట్ డ్రూయిట్ చుట్టూ ఉన్న సబర్బ్‌లలో బిడ్‌విల్ ఒకటి. పక్కనే ఉన్న మార్స్‌డెన్ పార్క్‌లో మన తెలుగు కుటుంబాలు కొత్త ఇళ్లు కొనుక్కోవడం మొదలైనప్పటి నుంచి నన్ను అడిగేవారు పెరిగారు. "అద్దె తక్కువంటున్నారండీ, కానీ సీఫాలో అట్టడుగున ఉందట కదా, పిల్లలతో ఉండొచ్చా?" అన్నదే దాదాపు అందరి ప్రశ్న. సీఫా అంటే జనగణన ఆధారంగా ఒక్కో ప్రాంతపు సామాజిక, ఆర్థిక పరిస్థితిని కొలిచే సూచికల సమితి. సేవాసంస్థల కోసం జనగణన అంకెలను విశ్లేషించడం నా వృత్తి. అడిగేవారి భయం నాకు అర్థమవుతుంది. కొత్త దేశంలో పిల్లలను ఎక్కడ పెంచాలన్నది చిన్న నిర్ణయం కాదు. ఆ భయాన్ని పెంచి పోషించే పుకార్లను మాత్రం నేను సహించలేను.

అపోహ: సీఫా స్కోరు తక్కువగా ఉందంటే అక్కడి మనుషులు మంచివారు కారని అర్థం.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్నది ఈ అపోహే. సీఫాలోని లేమి సూచిక 1000ని జాతీయ సగటుగా పెట్టుకొని, ఒక ప్రాంతంలో తక్కువ ఆదాయమున్న కుటుంబాలు, ఉద్యోగం చేసే పెద్దలు లేని ఇళ్లలో పెరుగుతున్న పిల్లలు, తల్లి గానీ తండ్రి గానీ ఒక్కరే నెట్టుకొస్తున్న సంసారాలు, కారు లేని ఇళ్లు, మనుషులకు సరిపడా గదులు లేని ఇళ్లు ఏ పాళ్లలో ఉన్నాయో కలిపి లెక్కగడుతుంది. అందులో నిజాయితీకి గానీ, పిల్లల పెంపకానికి గానీ, కష్టపడే గుణానికి గానీ కొలత లేదు. ఇది ప్రాంతానికి చెందిన అంకె మాత్రమేననీ, దాన్ని ఏ ఒక్క వ్యక్తికీ అంటగట్టకూడదనీ ఆ లెక్క తయారుచేసే ఆస్ట్రేలియా గణాంక సంస్థే స్పష్టంగా చెబుతోంది. అట్టడుగు డెసైల్‌లో, అంటే ప్రాంతాలను స్కోరు క్రమంలో పది సమాన భాగాలు చేస్తే చివరి భాగంలో, ఉన్న వీధిలో కూడా సొంత ఇల్లున్న నర్సు, రాత్రి షిఫ్టుకు వెళ్లే గోదాము కార్మికుడు, విశ్వవిద్యాలయంలో చదివే అమ్మాయి ఉంటారు.

ఆ స్కోరు అంత తక్కువగా ఎందుకు ఉందన్నది కూడా రహస్యమేమీ కాదు. మౌంట్ డ్రూయిట్ ప్రాంతంలో 1960లు, 70లలో ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ అయిన హౌసింగ్ కమిషన్ వేల ఇళ్లు కట్టి, వేతన జీవుల కుటుంబాలకు అద్దెకు ఇచ్చింది. తర్వాతి దశాబ్దాల్లో ప్రభుత్వ గృహాల సంఖ్య అవసరానికి తగ్గట్టు పెరగకపోవడంతో, ఎవరి పరిస్థితి అత్యంత దీనంగా ఉందో వారికే ముందుగా ఇల్లు ఇవ్వాలన్న విధానం వచ్చింది. ఇల్లు లేనివారు, హింస నుంచి పిల్లలతో పారిపోయి వచ్చిన తల్లులు, వైకల్యంతో పనిచేయలేనివారు ఏళ్ల తరబడి వెయిటింగ్ లిస్టులో నిలబడి ఈ ఇళ్లకు చేరుకున్నారు. ఆసుపత్రిలో రోగులు ఎక్కువగా ఉన్నారని, జబ్బులు తెప్పించేది ఆసుపత్రే అని ఎవరూ అనరు కదా. పైగా, అక్కడి కొన్ని ఎస్టేట్లలో ఇళ్ల ముఖద్వారాలను వీధి వైపు కాకుండా ఉమ్మడి పచ్చిక వైపు తిప్పి, వెనుక వైపును వీధికి వదిలేశారు. ఎవరి చూపూ పడని నడకదారులు అలా పుట్టుకొచ్చాయి. ప్రణాళికాకర్తలు చేసిన ఆ తప్పుకు కూడా నింద మోసింది నివాసులే.

ఈ నిందకు మూల్యం చెల్లించేది యువత. ఉద్యోగ దరఖాస్తులు రాయడం నేర్పే ఒక శిక్షణ తరగతికి అంకెలు వివరించడానికి వెళ్లినప్పుడు, సమోవా మూలాలున్న ఒక అమ్మాయి తన రెజ్యూమేలో పారమట్టాలో ఉండే పిన్ని చిరునామా రాసుకోవడం చూశాను. ఎందుకమ్మా అని అడిగితే, 2770 అన్న ఈ ప్రాంతపు పోస్ట్‌కోడ్ కనిపిస్తే ఫోన్ రాదని ఆమె నిస్సంకోచంగా చెప్పింది. పక్కనున్న ఇద్దరు తల ఊపారు. ఆ పిల్లల అనుమానం గాలిలోంచి పుట్టింది కాదు. 1997 జనవరిలో సిడ్నీ దినపత్రిక ఒకటి మౌంట్ డ్రూయిట్ హైస్కూల్ 1996 బ్యాచ్ విద్యార్థుల ఫొటోను మొదటి పేజీలో వేసి, వాళ్లంతా ఫెయిలయ్యారని చదివినవారికి అనిపించేలా కథనం రాసింది. విద్యార్థులు పరువునష్టం దావా వేశాక, 2000లో క్షమాపణ ప్రచురించింది. 2015లో ఎస్‌బీఎస్ టీవీ ఈ ప్రాంతం మీద ఒక డాక్యుమెంటరీ ధారావాహికను ప్రసారం చేయబోతుంటే, అది ఇక్కడివారిని కించపరుస్తోందంటూ, ఈ ప్రాంతం ఉన్న బ్లాక్‌టౌన్ నగరానికి అప్పటి మేయర్ స్టీఫెన్ బాలి నేతృత్వంలో చెత్త లారీలు ఆ టీవీ కార్యాలయం ముందు బారులు తీరి నిరసన తెలిపాయి. మన విందుల్లో ఎవరైనా "అబ్బో, డ్రూయిట్ వైపా?" అని ముఖం చిట్లించినప్పుడల్లా నాకు ఆ అమ్మాయి రెజ్యూమే గుర్తుకొస్తుంది.

అపోహ: అక్కడ అందరూ సెంటర్‌లింక్ (ప్రభుత్వ భృతులు చెల్లించే సంస్థ) డబ్బుతోనే బతుకుతారు.

తక్కువ ఆదాయపు అంకె చూసి పుట్టిన అపోహ ఇది. బిడ్‌విల్ మధ్యగత వయసు (సగం మంది అంతకన్నా చిన్నవారు) 30 ఏళ్లలోపే. 2021లో దేశం మొత్తానికి అది 38. వ్యక్తిగత ఆదాయాన్ని 15 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరినీ కలిపి లెక్కిస్తారు కనుక, బడికి వెళ్లే పిల్లలు ఎక్కువగా ఉన్న చోట ఆ అంకె సహజంగానే కిందికి జారుతుంది. న్యూజిలాండ్ పాస్‌పోర్టు మీద వచ్చిన పసిఫిక్ ద్వీపాల కుటుంబాలు ఇక్కడ చాలా ఉన్నాయి. 2001 ఫిబ్రవరి తర్వాత అలా వచ్చినవారిలో అత్యధికులకు పౌరసత్వం గానీ శాశ్వత నివాస వీసా (పీఆర్) గానీ లేనిదే నిరుద్యోగ భృతి దీర్ఘకాలం అందదు. పీఆర్ వచ్చిన కొత్తవారు జాబ్‌సీకర్ అనే నిరుద్యోగ భృతి కోసం సాధారణంగా నాలుగేళ్లు ఆగాలన్న సంగతి మన వాళ్లకు బాగానే తెలుసు, అదే నియమాల చట్రంలో పొరుగువాడు మాత్రం తేరగా తింటున్నాడని ఎలా నమ్ముతారో నాకు అర్థం కాదు.

అపోహ: చీకటి పడితే బయట అడుగు పెట్టలేం.

నేర గణాంకాలను బోక్సార్ అనే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ మూడు నెలలకోసారి ఉచితంగా ప్రచురిస్తుంది. నేరాలు లేవని నేను అనను. వాట్సాప్‌లో తిరిగే మాటను పక్కనపెట్టి ఆ పట్టిక చూడండి, ఆ తర్వాత సాయంత్రం పూట వెళ్లి ఆ వీధిలో ఒకసారి నడవండి.

నిజంగా ఆలోచించవలసిన ఇబ్బందులు వేరే ఉన్నాయి. బిడ్‌విల్‌కు రైల్వే స్టేషన్ లేదు, మౌంట్ డ్రూయిట్ దాకా బస్సే దిక్కు. 2020 జనవరి 4న, ఇక్కడికి దగ్గర్లోనే ఉన్న పెన్రిత్‌లో 48.9 డిగ్రీలు నమోదైంది. అటువంటి వేసవిలో చెట్ల నీడ లేని వీధిలో, పైకప్పు కింద ఇన్సులేషన్ లేని పాత ఇంట్లో పసిపిల్లలతో ఉండడం ఎంత కష్టమో అద్దె ఒప్పందం మీద సంతకం చేసేముందే ఆలోచించుకోవాలి.

అపోహ: ఇక్సియా తక్కువగా ఉన్న బడి నాసిరకం బడి.

బడుల వివరాలిచ్చే మై స్కూల్ వెబ్‌సైట్‌లో కనిపించే ఇక్సియా, విద్యార్థుల సామాజిక నేపథ్యాన్ని చూపే సూచిక. దాన్ని తల్లిదండ్రుల చదువు, వృత్తి, బడి ఉన్న ప్రదేశం, ఆదివాసీ విద్యార్థుల శాతం ఆధారంగా లెక్కిస్తారు. అది ఉపాధ్యాయులు ఎలా బోధిస్తున్నారో చెప్పదు. బడిని అంచనా వేయాలనుకుంటే అదే వెబ్‌సైట్‌లో, ఇటువంటి నేపథ్యమే ఉన్న ఇతర విద్యార్థులతో పోల్చి న్యాప్లాన్ (జాతీయ స్థాయి పాఠశాల పరీక్ష) ఫలితాలను, పిల్లల పురోగతిని చూపించే పట్టికలను చదవండి, ఆపై ప్రిన్సిపల్‌కు ఫోన్ చేసి ఒక ఉదయం బడి చూడడానికి సమయం అడగండి.