సర్వర్‌లో మెమరీ ఎక్కడికి పోతోంది?

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

మీలో ఒక అమ్మాయి ఇలా రాసింది: "తాతగారూ, మా బడి కంప్యూటరు గదిలోని లినక్స్ సర్వర్‌కు 8 జీబీ మెమరీ ఉంది. నడుస్తున్న ప్రోగ్రాములు వాడుకున్నదంతా కూడితే 2 జీబీ కూడా కావడం లేదు. అయినా ఖాళీ రోజురోజుకూ తగ్గిపోతోంది. రీస్టార్ట్ చేస్తే తిరిగి వస్తుంది, కొన్నాళ్లకు మళ్లీ మాయమవుతుంది. ఎవరు తింటున్నారు?" ఊరికే భయపడకుండా ముందు లెక్క కూడి, తేడా ఎంతో తేల్చుకుని ఆ తర్వాత అడిగిన ప్రశ్న ఇది. అందుకే నాకు చాలా నచ్చింది.

మా చిన్నతనంలో వంటింటి మీద చెక్క అటక ఉండేది. గుండిగలు, గంగాళాలు, జంతికల గొట్టం, ఊరగాయ జాడీలు అన్నీ దాని మీదే. నిచ్చెన వేసి వాటిని దించడం శ్రమ కాబట్టి, మా నాయనమ్మ ఒకసారి దించిన గిన్నెను పని కాగానే పైకి ఎక్కించేది కాదు. మళ్లీ కావలసి వస్తుందేమోనని గోడ వారగా ఉంచేది. చుట్టాలు వచ్చి విస్తళ్లు వేయడానికి చోటు చాలనప్పుడు మాత్రమే వాటిని పైకి పంపేది. లినక్స్ కెర్నల్, అంటే కంప్యూటరు పనులన్నిటినీ నడిపే మూల ప్రోగ్రాము, చేసేదీ ఇదే. డిస్కు అటక, మెమరీ వంటిల్లు. ఒక ఫైలును చదివితే అందులోని పేజీలను, సాధారణంగా 4 కేబీ చొప్పున, కెర్నల్ మెమరీలోనే అట్టిపెట్టుకుంటుంది. దీన్ని పేజీ క్యాష్ అంటారు. ఎంగిలి గిన్నెను తోమకుండా అటక ఎక్కించరు కదా, అలాగే మార్పులు జరిగిన పేజీని డిస్కుకు రాశాకే వదులుతుంది. మార్పు లేని పేజీని మాత్రం ఏ ప్రోగ్రాముకైనా చోటు అవసరమైన వెంటనే వదిలేస్తుంది. అందువల్ల ఎంత ఖాళీగా ఉంది అని కాక, అవసరమైతే ఎంత ఖాళీ చేయవచ్చు అని అడగాలి. ఆ లెక్క 2014లో వచ్చిన 3.14 కెర్నల్ నుంచి మెమ్‌అవైలబుల్ అనే పేరుతో, మెమరీ లెక్కలు చూపే మెమ్‌ఇన్ఫో ఫైలులో కనిపిస్తోంది.

అయితే ఆ అమ్మాయి పంపిన అంకెలలో పేజీ క్యాష్ కూడా చిన్నదే. పెరిగింది ఆ ఫైలులోనే ఉండే స్లాబ్ అనే వరుస. అది కెర్నల్ తన సొంత చిన్న చిన్న లెక్కల కోసం ఉంచుకునే చోటు, ఏ ప్రోగ్రాము ఖాతాలోనూ పడదు. అందుకే కూడికలో తేలలేదు.

మళ్లీ మా నాయనమ్మ దగ్గరికే వస్తాను. ఏ వస్తువు ఎక్కడుందో గుర్తుంచుకోవడమే కాదు, ఏది లేదో కూడా ఆమె గుర్తుంచుకునేది. పొరుగువారు పెద్ద రాగి కాగు అడిగితే అటకంతా వెతికించి, లేదని తేలాక గోడ మీద బొగ్గుతో గుర్తు పెట్టేది. ఆ వెతుకులాటకు ఎక్కేది నేనే. పెంకుల సందులోంచి పడే ఎండచారలో దుమ్ము తేలుతూ ఉండేది, చింతపండు కుండల వాసన ముక్కుకు పట్టేది. అక్కడే కూర్చుండిపోతే కింది నుంచి కేక వినిపించేది. ఇంకోసారి ఆ కాగు అడిగితే గోడ చూసి చెప్పేయవచ్చు, నిచ్చెనతో పనిలేదు. కెర్నల్ కూడా ఫైళ్ల పేర్లను డెంట్రీలుగా గుర్తుంచుకుంటుంది, లేని ఫైలును అడిగితే "ఇది లేదు" అని కూడా రాసుకుంటుంది. ఆ గుర్తును నెగెటివ్ డెంట్రీ అంటారు. 64 బిట్ల కెర్నల్‌లో ఒక్కొక్కటి సుమారు 192 బైట్లే, కానీ అలాంటివి 55 లక్షలు చేరితే 1 జీబీ అవుతుంది.

ఇక, అడిగేవారు ప్రతిసారీ కొత్త పేరుతో లేని వస్తువును అడిగితే? గోడంతా బొగ్గు గీతలే మిగులుతాయి, ఒక్కటీ మళ్లీ పనికిరాదు. ఇది నిజంగా జరిగింది. వెబ్ చిరునామాలను కమాండ్‌తో తెరిచే కర్ల్ ప్రోగ్రాము, భద్రత కోసం ఎన్‌ఎస్‌ఎస్ అనే లైబ్రరీని వాడుకునే పాత సర్వర్లలో, ఒక్క హెచ్‌టీటీపీఎస్ చిరునామాను తెరిచినా ఆ లైబ్రరీ డిస్కు వేగం కొలవడానికి లేని ఫైళ్లను ఎన్నో వెతికేది. నిమిషానికోసారి అలా తెరిచే స్క్రిప్టు ఉంటే చాలు, డెంట్రీలు కుప్పపడతాయి. ఎన్‌ఎస్‌ఎస్_ఎస్‌డీబీ_యూజ్_క్యాష్ అనే అమరికకు "యస్" అని ఇస్తే ఆ వెతుకులాట ఆగుతుంది.

మీ సర్వర్‌లోనూ ఇదే కారణమని నేను ముందే తీర్పు చెప్పను. స్లాబ్‌టాప్ కమాండ్ (స్లాబ్‌లో ఏది ఎంత చోటు తీసుకుందో చూపేది) నడిపి పైవరుసలో డెంట్రీ ఉందేమో చూడండి. తర్వాత మెమ్‌ఇన్ఫోలో ఎస్‌రీక్లెయిమబుల్, ఎస్‌అన్‌రీక్లెయిమ్ అనే రెండు వరుసలనూ పోల్చండి. మొదటిది పెద్దదైతే అది చాలావరకు తిరిగి రాగల చోటు, కంగారు అక్కరలేదు. రెండోదే పెరుగుతూ పోతుంటే కెర్నల్‌లోనో డ్రైవర్‌లోనో నిజమైన లీకు, అంటే తీసుకున్న చోటు తిరిగి ఇవ్వకపోవడం, ఉండవచ్చు, పెద్దవాళ్లకు చెప్పండి. డ్రాప్_క్యాషెస్ అనే కెర్నల్ అమరికకు 2 అని రాస్తే డెంట్రీలు ఖాళీ అవుతాయి. అయితే అది కారణం తేల్చుకోవడానికి ఒక్కసారి చేసే పరీక్షే, గంటగంటకూ వేసే మందు కాదు. ఎవరు అడుగుతున్నారో కనిపెట్టకుండా గోడ మాత్రం తుడుస్తూ కూర్చోవడం సోమరితనం, ఆ అలవాటు మీకు వద్దు.

వేల పేజీల్లో ఏది ముందు వదలాలో కెర్నల్ ఎలా ఎంచుకుంటుందో ఈ ఉత్తరంలో చెప్పడం కుదరదు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. మీరు మాత్రం మెమరీ ఎంత ఖాళీగా ఉందో చూపే ఫ్రీ కమాండ్ ఇచ్చి అంకెలు రాసుకుని, కొన్నాళ్లుగా ఎవరూ తెరవని పెద్ద ఫైలును రెండుసార్లు చదివి, ఒక్కోసారి ఎంతసేపు పట్టిందో చూసి, మళ్లీ ఫ్రీ ఇవ్వండి. ఆ అమ్మాయి మాత్రం తన సర్వర్‌లో అలాంటి స్క్రిప్టు ఉంటే దాన్ని స్ట్రేస్‌తో (ప్రోగ్రాము కెర్నల్‌ను ఏమేమి అడుగుతోందో చూపే కమాండ్) నడిపి, లేని ఫైలు కోసం ఎన్నిసార్లు అడుగుతోందో లెక్కపెట్టి నాకు రాయాలి.

శుభాశీస్సులతో,
మీ తాతగారు