డిస్కు ఉన్న కన్సోలా, లేనిదా: తగువు మొదలైంది 2013 జూన్‌లో

గ్రాండ్ తెఫ్ట్ ఆటో అనే వీడియో గేమ్ ఆరో భాగం 2026 నవంబరు 19న వస్తుందని రాక్‌స్టార్ సంస్థ 2025 నవంబరులో ప్రకటించింది. అప్పట్నుంచి పాత ప్రశ్న మళ్లీ లేచింది. టీవీకి తగిలించి ఆటలాడే పెట్టె, అంటే కన్సోలు, ఏది కొనాలి? ఆ ఆట సోనీ పాత ప్లేస్టేషన్ 4 (పీఎస్4)లో నడవదు. పీఎస్5 గానీ, మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, సిరీస్ ఎస్‌లలో ఒకటి గానీ ఉండాలి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇంత డబ్బు పెట్టి కన్సోలు కొనే ఇల్లు మళ్లీ ఆరేడేళ్ల దాకా ఇంకోటి కొనదు. అందుకే సోనీయా మైక్రోసాఫ్టా అని వాదించుకునే ముందు ఇంకొకటి తేల్చుకోవాలి. డిస్కు పెట్టే వీలున్న పెట్టె కొనాలా, ధర తగ్గుతుందని అది లేని పెట్టె కొనాలా?

గంటకింతని ఇచ్చి ఆడుకున్న పార్లర్ల కాలం, చిప్పు వేయించిన పీఎస్2లో నకిలీ డిస్కులు తిప్పిన కాలం అందరికీ తెలిసినవే. ఈ తగువుకు వాటితో పని లేదు. 2013 జూన్ 6 నుంచి 19 దాకా ఏం జరిగిందో తెలిస్తే చాలు, ఇవాళ దుకాణంలో రెండు పెట్టెలు, రెండు ధరలు ఎందుకున్నాయో అర్థమవుతుంది.

ఆ జూన్ 6న మైక్రోసాఫ్ట్ కొత్త ఎక్స్‌బాక్స్ వన్ నిబంధనలు బయటపెట్టింది. కన్సోలు 24 గంటలకోసారి ఇంటర్నెట్‌లో హాజరు వేయించుకోవాలి. లేకపోతే ఆటలు ఆగిపోతాయి, డబ్బు పోసి కొన్న డిస్కు లోపలే ఉన్నా సరే. వేరే వాళ్లింట్లో మీ ఖాతాతో ఆడితే ఆ గడువు గంటే. ఆటను ఇంకొకరికి ఇవ్వాలంటే వాళ్లు మీ స్నేహితుల జాబితాలో కనీసం 30 రోజులుగా ఉండాలి, అదీ ఒక్కో ఆటకు ఒక్కసారే. సెకండ్ హ్యాండులో అమ్ముకోవాలంటే ఆట తయారీదారు ఒప్పుకోవాలి, కంపెనీ గుర్తించిన దుకాణంలోనే అమ్మాలి. చేతిలో డిస్కు ఉంటుంది, దాని మీద హక్కు మాత్రం సర్వర్‌లో ఉంటుంది.

నెట్ సరిగా లేనివాళ్ల సంగతేమిటని అడిగితే, అప్పటి ఎక్స్‌బాక్స్ అధిపతి డాన్ మాట్రిక్ అలాంటి వాళ్ల కోసం తమ దగ్గర ఎక్స్‌బాక్స్ 360 ఉందని జవాబిచ్చారు. అంటే పాత మోడల్ వాడుకోమని. జలాంతర్గామిలో పనిచేసేవాళ్ల ప్రస్తావన కూడా ఆ మాటల్లోనే వచ్చింది. నెలల తరబడి ఓడల మీద పనిచేసే కుర్రాళ్లు సిక్కోలు పల్లెల్లో తక్కువేం లేరు. వాళ్లకు ఆ నిబంధన ఎలా పనికొచ్చేదో ఆలోచించండి.

జూన్ 10న లాస్ ఏంజెలెస్‌లో సోనీ తన పీఎస్4 ధర 399 డాలర్లని చెప్పింది. ఎక్స్‌బాక్స్ వన్ 499. సెకండ్ హ్యాండు ఆటల మీద ఆంక్షలు లేవని, రోజువారీ హాజరు లేదని వేదిక మీద ప్రకటించగానే హాలంతా చప్పట్లు మారుమోగాయి. ఆటను స్నేహితుడికి ఎలా ఇవ్వాలో చూపించే అర నిమిషం కూడా లేని వీడియో ఒకటి వదిలింది. ఒకాయన డిస్కు చేతికిచ్చాడు, రెండో ఆయన పుచ్చుకున్నాడు, అంతే. ఆ చప్పట్లలో మరో మాట మాత్రం కలిసిపోయింది. పీఎస్3లో ఉచితంగా ఉన్న ఆన్‌లైన్ ఆటకు పీఎస్4లో ప్లేస్టేషన్ ప్లస్ అనే చందా కట్టాలి. ఆ ఖర్చు ఇప్పటికీ నడుస్తోంది. కన్సోలు ధర చూసుకునేవాళ్లు దీన్నీ కలుపుకోవాలి. డబ్బు కట్టనక్కర్లేని ఫోర్ట్‌నైట్ లాంటి ఉచిత ఆటలకు మాత్రం చందా అవసరం లేదు.

జూన్ 19న మైక్రోసాఫ్ట్ వెనక్కి తగ్గింది. 24 గంటల నిబంధన పోయింది, డిస్కును ఎవరికైనా ఇచ్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు అంది. కంపెనీ వాదననూ చెప్పాలి. ఒకసారి ఎక్కించుకున్నాక డిస్కు లేకుండా ఆడుకోవచ్చని, కుటుంబంలో పదిమంది వరకు కొన్న ఆటలన్నిటినీ పంచుకోవచ్చని అది మాటిచ్చింది. నిబంధనతోపాటు ఆ సౌకర్యాలూ పోయాయి. అవి పోయినందుకు బాధపడ్డవాళ్లూ ఉన్నారు.

ఆ 13 రోజుల గొడవ అమెరికాలో జరిగిందే గానీ, దాని విలువ మన దగ్గర తెలిసొచ్చింది. పీఎస్4 భారత్‌లో 2014 జనవరి 6న రూ.39,990కి వచ్చింది. ఎక్స్‌బాక్స్ వన్ రావడానికి సెప్టెంబరు 23 అయింది. సరిగ్గా 19 రోజులకు, అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటింది. విశాఖతోపాటు విజయనగరం జిల్లా కూడా చీకట్లో మునిగింది, ఫోన్లు మూగబోయాయి. నాలుగేళ్లకు 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చింది. కరెంటు స్తంభాలు వరసగా విరిగి పల్లెలు రోజుల తరబడి దీపం లేకుండా ఉన్నాయి. అలాంటి వేళ ఆటలు ఎవరికీ గుర్తుకు రావు, నిజమే. కానీ జనరేటరో ఇన్వర్టరో పెట్టుకుని, పిల్లలు బయటికి వెళ్లలేని ఇంట్లో కాస్త కాలక్షేపానికి ఆన్ చేద్దామంటే 24 గంటల హాజరు ఎవరు వేయించేవారు? ఫైబరు తీగ స్తంభాల మీద నడిచే ఊళ్లలో నెట్ ఎప్పుడూ ఉంటుందన్న లెక్క మీద ఏ యంత్రాన్నీ కొనకూడదు.

జూన్ 2013లో ఓడిపోయిన ఆలోచన చచ్చిపోలేదు. నిబంధన రూపంలో వస్తే జనం తిప్పికొట్టారు కాబట్టి, తగ్గింపు ధర రూపంలో తిరిగొచ్చింది. 2019 మేలో డిస్కు డ్రైవే లేని ఎక్స్‌బాక్స్ వన్ ఎస్ వచ్చింది. 2020 నవంబరులో సిరీస్ ఎక్స్ రూ.49,990, డ్రైవు లేని సిరీస్ ఎస్ రూ.34,990. 2021 ఫిబ్రవరి 2న ఇక్కడికి వచ్చిన పీఎస్5లోనూ అంతే, డిస్కున్నది 49,990, డిజిటల్ 39,990. 2024 ఏప్రిల్‌లో పీఎస్5 సన్న మోడల్ స్లిమ్ వచ్చేసరికి 54,990, 44,990. పీఎస్5 ధరలు మారినా రెంటి మధ్య పది వేల తేడా మారలేదు.

ఆ పది వేలను లెక్క వేసి చూడాలి. కొత్త పెద్ద ఆట డిస్కు దాదాపు 5 వేలు. ఆడేసి నెలలోపు 3 వేలకు అమ్మగలిగితే ఆట ఖర్చు 2 వేలే. డిజిటల్‌లో కొన్నది అమ్మే దారే లేదు, పెట్టిన 5 వేలూ పెట్టినట్టే. ఒక్కో ఆటకు 3 వేలు మిగిలితే నాలుగు ఆటలకే డ్రైవు ఖరీదు వెనక్కి వచ్చేస్తుంది. ఇద్దరు స్నేహితులు చెరో ఆట కొని మార్చుకుంటే ఇంకా ముందే వస్తుంది. ఏడాదికి ఒకటే ఆట, అదీ రోజూ అదే క్రికెట్టో ఫుట్‌బాలో ఆడేవాళ్లకు ఈ లెక్క పనిచేయదు. వాళ్లకు డిజిటల్ పెట్టె తప్పేమీ కాదు.

రెండో లెక్క డౌన్‌లోడ్. ఈ రోజుల్లో పెద్ద ఆట 100 జీబీ ఉండటం మామూలే. 40 ఎంబీపీఎస్ లైన్ మీద అది దిగడానికి ఐదున్నర గంటలకు పైనే పడుతుంది. 15 ఎంబీపీఎస్ మీదైతే దాదాపు 15 గంటలు. ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి రోజుకు 2 జీబీ ప్యాకు మీద దించుతామంటే 50 రోజులు. పైగా జాగా చాలదు. మొదటి పీఎస్5లో 825 జీబీ అని రాసి ఉన్నా వాడుకోవడానికి మిగిలేది 667. 512 జీబీ సిరీస్ ఎస్‌లో 364 మాత్రమే, అంటే మూడు పెద్ద ఆటలతో నిండిపోతుంది. నాలుగోది ఎక్కించాలంటే ఒకటి తీసేయాలి. మళ్లీ కావాలంటే, డిస్కున్నవాళ్లు డిస్కు నుంచి ఎక్కించుకుంటారు. లేనివాళ్లు మళ్లీ 100 జీబీ దించుకుంటారు.

డిజిటల్ పక్షం వాదన కూడా ఉంది. డిస్కుకు గీతలు పడతాయన్న, అది పోతుందన్న భయం లేదు, లేచి మార్చే పని లేదు, పండగ సేళ్లలో ఆన్‌లైన్ ధరలు బాగా తగ్గుతాయి. కన్సోల్ షేరింగ్, ఆఫ్‌లైన్ ప్లే అన్న సెట్టింగు ఆన్ చేసి ఉంచితే డిజిటల్ ఆటలు కూడా పీఎస్5లో నెట్ లేకుండా నడుస్తాయి. ఒక ఖాతాకు ఒక్క పీఎస్5 మీదే ఆ సౌకర్యం ఉంటుంది. సిరీస్ ఎస్ కొనేవాళ్లు, నెలనెలా చందా కట్టి ఆటలాడుకునే మైక్రోసాఫ్ట్ గేమ్ పాస్‌ను చూసి కొంటారు. 2025 అక్టోబరులో దాని అల్టిమేట్ చందా నెలకు రూ.829 నుంచి ఒక్కసారిగా రూ.1,389కి పెరిగింది. చందా ఆపేస్తే దాని కింద ఆడే ఆటలన్నీ ఆగిపోతాయి.

ఇంతా చెప్పి డిస్కు అన్ని రోగాలకూ మందు అనడం సరికాదు. 2022లో వచ్చిన కాల్ ఆఫ్ డ్యూటీ పీఎస్5 డిస్కులో ఉన్నది 70 ఎంబీకి అటూఇటూ, మిగతా ఆటంతా నెట్ నుంచి దించుకోవాల్సిందే. సిరీస్ ఎక్స్‌లో పాత ఎక్స్‌బాక్స్ వన్ డిస్కు పెట్టినా మొదటిసారి నెట్ అడిగేది, మైక్రోసాఫ్ట్ ఆ పరీక్షను 2022లో తీసేసింది. పీఎస్5 స్లిమ్‌కు డ్రైవును ఊడదీసి తగిలించుకోవచ్చు గానీ, ఆ డ్రైవు మీ కన్సోలుతో జత కావడానికి తొలిసారి ఇంటర్నెట్ తప్పనిసరి. పీఎస్5 ప్రోలో డ్రైవే ఉండదు, విడిగా కొనుక్కోవాలి. నింటెండో కంపెనీ కన్సోలు స్విచ్ 2 కోసం అమ్మే కొన్ని కార్డుల్లో ఆట ఉండదు, తాళం చెవి మాత్రమే ఉంటుంది, ఆటను దించుకోవాలి. పైగా నింటెండో భారత్‌లో అధికారికంగా అమ్మదు, వారంటీ ఆశించలేం. జూన్ 2013లో తలుపు దగ్గర ఆపిన షరతు ఇలా సందుల్లోంచి లోపలికి వస్తోంది.

డిజిటల్ సరుకు ఎన్నాళ్లుంటుందన్నదానికి జవాబు ఇప్పటికే చూశాం. మాట్రిక్ వాడుకోమన్న ఆ ఎక్స్‌బాక్స్ 360 ఆన్‌లైన్ దుకాణం 2024 జులై 29న మూతపడింది. నింటెండో పాత కన్సోళ్లు 3డీఎస్, వీ యూల ఆన్‌లైన్ దుకాణాలు 2023 మార్చిలో మూశారు. పీఎస్3 దుకాణాన్ని మూసేస్తామని సోనీ 2021లో ప్రకటించి, జనం గోల పెట్టాక ఆగింది. కొన్నవి మళ్లీ దించుకునే వీలు కొంతకాలం ఉంచుతారు, కొత్తగా కొనడం మాత్రం ఉండదు. అదే 360 డిస్కు ఇవాళ కూడా చేతులు మారుతోంది.

డిస్కు పెట్టె అని నిర్ణయించుకున్నవాళ్లు ఎక్కడ మోసపోతారో కూడా తెలుసుకోవాలి. ఈ కన్సోళ్ల ఆటలు వచ్చే బ్లూరే డిస్కులో సమాచారం పైపొర కింద 0.1 మిల్లీమీటరు లోతులోనే ఉంటుంది. డీవీడీలా అరగదీసి బాగుచేయడం కుదరదు. సెకండ్ హ్యాండు డిస్కును ట్యూబ్‌లైటు కింద వంచి చూడండి. మధ్య నుంచి అంచుకు వెళ్లే సన్న గీతలతో భయం లేదు. చుట్టూ తిరిగిన గీత గోటికి తగిలితే వదిలేయండి. డబ్బాలోని ఉచిత కోడ్ అప్పటికే వాడేసి ఉంటుంది, దానికి ధర కట్టొద్దు.

గల్ఫ్ నుంచో సింగపూర్ నుంచో అన్నయ్య తెచ్చిన సెట్ అయితే కింద అతికించిన చీటీలో వోల్టేజి చూడాలి. 220 లేక 240 దాకా ఉంటే సరే. 127 దగ్గర ఆగితే నేరుగా ప్లగ్గులో పెట్టొద్దు. పీఎస్5 ఆటలకు దేశాల అడ్డు లేదు, దుబాయ్ డిస్కు ఇక్కడ నడుస్తుంది. అయితే ఆ ఆటకు అదనపు భాగాలు కొనాలంటే డిస్కు ఏ ప్రాంతానిదో ఆ ప్రాంతం ఖాతాయే కావాలి. బ్లూరే సినిమాలకు మాత్రం ప్రాంతం తాళం ఉంటుంది. బయట కొన్నదానికి ఇక్కడ వారంటీ చెల్లదు. పాత పీఎస్5లో డ్రైవు పాడైతే ఇంకో సెట్‌లోది తెచ్చి పెట్టేస్తే పనిచేయదు, డ్రైవు బోర్డు మదర్‌బోర్డుతో ముడిపడి ఉంటుంది. మీ పాత బోర్డునే కొత్త డ్రైవులోకి మార్చగలిగే మెకానిక్‌కే ఇవ్వాలి.

వాడిన కన్సోలు కొంటుంటే డబ్బు ఇచ్చే ముందే మీ ఖాతాతో లాగిన్ అయి, ఒక డిస్కు పెట్టి, పది నిమిషాలు ఆడి, డిస్కు బయటికి తీసి మళ్లీ పెట్టి చూడండి. కంపెనీ నిషేధించిన సెట్ లాగిన్ దగ్గరే దొరికిపోతుంది, అరిగిన డ్రైవు రెండోసారి మింగేటప్పుడు దొరుకుతుంది.

కరెంటు సంగతి చివరిది. పీఎస్5, 43 అంగుళాల టీవీ కలిపి ఆటలో 300 వాట్ల దాకా లాగుతాయి. 150 ఏహెచ్ బ్యాటరీ మంచి స్థితిలో ఉంటే, ఫ్యాన్లు పక్కన పెడితే, మూడు గంటల పైచిలుకు వస్తుంది. ఇన్వర్టరు సైన్ వేవ్‌ది అయి ఉండాలి. ఆట ఎక్కించుకుంటుండగానో, పూర్తిగా ఆపకుండా నిద్రలో ఉంచే రెస్ట్ మోడ్‌లో ఉండగానో కరెంటు పోతే, తిరిగి ఆన్ చేసినప్పుడు స్టోరేజీని సరిచూసుకుంటూ చాలాసేపు ఉండిపోతుంది, ఒక్కోసారి ఆట మళ్లీ ఎక్కించాల్సి వస్తుంది. అక్టోబరు, నవంబరు తుపానుల నెలల్లో రెస్ట్ మోడ్ వాడకుండా పూర్తిగా ఆపేయండి. స్లిమ్‌కు డ్రైవు విడిగా తెచ్చుకుంటే, తుపాను కబురు రాకముందే, నెట్ బాగున్న రోజే జత చేసి ఒక డిస్కు నడిపి చూసుకోండి.