ఇంజినీర్ల కొరత: 2005లో పుట్టిన ఒక లెక్క కథ

2025 జులైలో ఐటీ కంపెనీ టీసీఎస్ తన సిబ్బందిలో 2 శాతం మందిని, అంటే సుమారు 12 వేల మందిని తగ్గించుకుంటానని ప్రకటించింది. దీనికి ఏఐ కారణం కాదని, నైపుణ్యాలు సరిపోకపోవడం, కొందరికి తగిన ప్రాజెక్టు దొరక్కపోవడమే కారణమని సీఈఓ కృతివాసన్ చెప్పారు. దాంతో పాత వాదన మళ్లీ లేచింది. దేశంలో ఇంజినీర్లు లక్షల్లో ఉన్నారు గానీ పనికొచ్చేవాళ్లు దొరకడం లేదన్నదే ఆ వాదన. టీవీ చర్చల్లో దీన్ని ఎవరూ ప్రశ్నించడం కూడా లేదు. ఈ మాట ఎప్పుడు, ఎవరి నోట మొదలైందో చూస్తే ఇప్పటి గొడవ చాలావరకు అర్థమవుతుంది.

వై2కె, హైటెక్ సిటీ, అమీర్‌పేట కోచింగులు, హెచ్1బీ వీసాల కథ తెలుగు పాఠకులకు కొత్తగా చెప్పక్కర్లేదు. అందులో ఒక్క సంగతి మాత్రం ఇక్కడ అవసరం. ఆ రోజుల్లో పెద్ద ఐటీ కంపెనీలు క్యాంపస్‌లకు వచ్చి సివిల్, మెకానికల్ అని చూడకుండా పిల్లల్ని తీసుకున్నాయి. ఆప్టిట్యూడ్ పరీక్ష, ఇంటర్వ్యూ, ఆ తర్వాత నెలల తరబడి శిక్షణ. మైసూరులో ఇన్ఫోసిస్ అంత పెద్ద శిక్షణ కేంద్రం కట్టుకున్నది అందుకే. వచ్చినవాళ్లలో చాలామందికి కోడ్ రాయడం రాదని తెలిసే తీసుకునేవారు. పని నేర్పడం కంపెనీ బాధ్యత అని అప్పట్లో అందరూ ఒప్పుకున్నారు.

2005లో ఆ లెక్క మారింది. ఆ ఏడాది ఐటీ కంపెనీల సంఘం నాస్కామ్, సలహా సంస్థ మెకిన్సీ కలిసి ఒక నివేదిక ఇచ్చాయి. 2010 నాటికి ఐటీ, బీపీఓ రంగాలకు దాదాపు 5 లక్షల మంది నిపుణుల కొరత వస్తుందని, మన ఇంజినీరింగ్ పట్టభద్రుల్లో 25 శాతం మందే ఈ ఉద్యోగాలకు పనికొస్తారని అందులో చెప్పారు.

ఈ 25 శాతం విద్యార్థులకు పరీక్ష పెట్టి తేల్చిన సంఖ్య కాదు. మెకిన్సీ గ్లోబల్ ఇన్‌స్టిట్యూట్ అదే ఏడాది వివిధ దేశాల్లో బహుళజాతి సంస్థల్లో నియామకాలు చూసే హెచ్ఆర్ వాళ్లను ఒక ప్రశ్న అడిగింది. సరైన డిగ్రీ ఉన్న 100 మంది వస్తే, అందరికీ ఖాళీలు ఉన్నాయనుకుంటే, మీరు ఎంతమందిని తీసుకోగలరు? చైనా ఇంజినీర్ల విషయంలో 10 అన్న జవాబు, మన ఇంజినీర్ల విషయంలో 25 అన్న జవాబు వచ్చాయి. మిగతావాళ్లను ఎందుకు వద్దంటారంటే ఇంగ్లిష్, చదువు నాణ్యత, కంపెనీ పద్ధతుల్లో ఇమడలేకపోవడం అన్నారు. ఉద్యోగం ఇచ్చేవాళ్లు తమ ఎంపిక గురించి తామే చెప్పిన అంచనా ఇది. అలాంటి అంచనాకు విలువ లేదని అనను. కానీ పత్రికల్లోకి వచ్చేసరికి అది ‘75 శాతం మంది ఇంజినీర్లు పనికిరారు’ అనే తీర్పుగా మారింది. నేర్పించుకోవాల్సిన బాధ్యత కంపెనీ మీద నుంచి జారి కాలేజీ మీద, అక్కడి నుంచి విద్యార్థి మీద పడింది. ఆ తర్వాత ఇరవై ఏళ్లలో జరిగిన దానికి మూలం ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

కొరత ఉందంటే ప్రభుత్వాలకు తోచిన మందు సీట్లు పెంచడం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇంజినీరింగ్ కాలేజీలు దాదాపు 700కు చేరాయి. వైఎస్ హయాంలో విస్తరించిన ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో ఎన్నో పేద కుటుంబాల్లో మొదటిసారి ఒక ఇంజినీర్ తయారయ్యారు. ఆ మేలు చిన్నది కాదు, దాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లతో నేను ఏకీభవించను. అయితే సీట్లు పెరిగినంత వేగంగా పాఠం చెప్పేవాళ్లు పెరగలేదు.

ఒక్కో ఉద్యోగానికి వందల దరఖాస్తులు వచ్చేసరికి కంపెనీలు వడపోత మొదలుపెట్టాయి. పదో తరగతి, ఇంటర్, బీటెక్ మూడింట్లోనూ ‘60 శాతం త్రూఅవుట్’ ఉండాలి, బ్యాక్‌లాగ్ (తప్పిన సబ్జెక్టు) ఉండకూడదు, ఇయర్ గ్యాప్ (చదువు మధ్యలో ఖాళీ ఏడాది) ఉండకూడదు. పదో తరగతిలో 58 శాతం వచ్చిన అమ్మాయి బీటెక్‌లో బ్రహ్మాండంగా కోడ్ రాస్తున్నా పరీక్ష గది దాకా కూడా రాలేదు. ఈ నిబంధనకు పనితో ఏ సంబంధమూ లేదు. ముందే సగం మందిని తీసేస్తే హెచ్ఆర్ వాళ్లకు పని తగ్గుతుంది, అంతే. అలా తీసేసినవాళ్లు కూడా ‘దొరకనివాళ్ల’ లెక్కలోకే వెళ్లారు. గేటు దగ్గరే ఆగిపోయినవాళ్లలో కొందరు అమీర్‌పేటలో ఫేక్ ఎక్స్‌పీరియన్స్ కొనుక్కున్నారు, తమ బదులు మరొకరితో ప్రాక్సీ ఇంటర్వ్యూలు ఇప్పించుకున్నారు. అది తప్పే. కానీ అప్పుడే చదువు ముగించిన ఫ్రెషర్‌ని కూడా రెండేళ్ల అనుభవం అడిగే ప్రకటనలు వచ్చిన చోటే ఆ వ్యాపారం పెరిగింది.

కంపెనీల వాదన కూడా చెప్పాలి. శిక్షణకు డబ్బు పెట్టాక మనిషి వెళ్లిపోతాడు, క్లయింటుకు మొదటి రోజు నుంచే పని చేసేవాడు కావాలి, కాలేజీల ప్రమాణాలు నిజంగానే పడిపోయాయి. చివరి మాటకు ఆధారం ఉంది. 2017లో ఆస్పైరింగ్ మైండ్స్ 36 వేల మంది విద్యార్థులతో కోడ్ రాయించి చూస్తే సరైన లాజిక్ రాయగలిగినవాళ్లు 5 శాతం కూడా లేరు. ఆ సంస్థ వ్యాపారమే నియామక పరీక్షలు అమ్మడం అన్నది పక్కన పెట్టినా, కాలేజీల పరిస్థితి బాగోలేదన్నది కాదనలేం.

మరి నిజంగా కొరతే ఉంటే జీతం పెరగాలి కదా? ఫ్రెషర్ జీతం 2000ల చివరలో ఏడాదికి 3 లక్షల పైచిలుకు ఉండేది. టీసీఎస్ ఫ్రెషర్లకు ఇచ్చే నింజా ఆఫర్ 3.36 లక్షల దగ్గరే ఏళ్లపాటు నిలిచిపోయింది. ఈలోగా ధరలు రెట్టింపు దాటాయి. 2021-22లో అనుభవం ఉన్నవాళ్లకు మాత్రం నిజంగా కొరత వచ్చింది. ఇన్ఫోసిస్ అట్రిషన్ (ఏడాదిలో మానేసి వెళ్లేవాళ్ల శాతం) 27.7కు చేరింది, కంపెనీ మారినవాళ్ల జీతాలు ఎగిశాయి. అదే ఏడాది టీసీఎస్ లక్ష మంది ఫ్రెషర్లను తీసుకుంది. వాళ్ల జీతం మాత్రం కదల్లేదు.

ఆ హడావుడిలో ఇచ్చిన ఆఫర్లే తర్వాత భారమయ్యాయి. 2023 ఫిబ్రవరిలో విప్రో, 6.5 లక్షల ఆఫర్ ఇచ్చిన ఫ్రెషర్లను 3.5 లక్షలకు చేరతారా అని అడిగింది. ఇన్ఫోసిస్ 2022లో ఎంపిక చేసినవాళ్లలో కొందరు రెండేళ్లకు పైగా జాయినింగ్ డేట్ కోసం ఎదురుచూశారు. 2025 ఫిబ్రవరిలో మైసూరులో 300 మందికి పైగా ట్రైనీలను, మూడు అవకాశాలిచ్చినా పరీక్ష పాసవలేదని కంపెనీ పంపేసింది. ఆ సంఖ్య 700 అని ఉద్యోగుల సంఘం నైటెస్ చెప్పింది. రెండేళ్లు ఇంట్లో కూర్చోబెట్టిన మనిషికి నైపుణ్యం లేదనడం అన్యాయం.

అనుభవం ఉన్నవాళ్ల విషయంలో కొరతను కంపెనీలే పెంచి పోషిస్తున్నాయి. వెళ్లిపోతానన్న ఉద్యోగి 90 రోజుల నోటీస్ పీరియడ్ పూర్తి చేయాలి, లేకపోతే ఉద్యోగం నుంచి విడిచిపెట్టినట్టు ఇచ్చే రిలీవింగ్ లెటర్ రాదు. అదే కంపెనీ తన ఖాళీకి వెంటనే చేరగల ‘ఇమ్మీడియట్ జాయినర్’ కావాలంటుంది. ఆ మూడు నెలల్లో ఉద్యోగి చేతిలోకి మరో రెండు ఆఫర్లు వస్తాయి, ఎక్కువ ఇచ్చిన చోటికి వెళతాడు. మొదటి ఆఫర్ ఇచ్చిన కంపెనీ సీటు ఖాళీగా మిగిలి, మనుషులు దొరకడం లేదనే ఫిర్యాదు మరొకటి పుడుతుంది. నోటీసు నెలకు తగ్గిస్తే ఇందులో చాలా భాగం పోతుంది.

కర్ణాటకలో ఐటీ కంపెనీలకు, ఉద్యోగ షరతులను రాతపూర్వకంగా ఖరారు చేయాలనే స్టాండింగ్ ఆర్డర్స్ చట్టం నుంచి ఉన్న మినహాయింపును 2024లో మరో ఐదేళ్లు పొడిగించారు. 2024-25 నుంచి ఒక్కో బ్రాంచిలో సీట్లకు ఉన్న పరిమితిని సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ ఎత్తేసింది. దాంతో మన కాలేజీల్లో సివిల్, మెకానికల్ సీట్లు పోయి కంప్యూటర్ సైన్స్ సీట్లు వచ్చాయి. ఆ పిల్లలు 2028లో బయటికి వస్తారు. ఈలోగా కంపెనీలు చేయాల్సిన పని ఒకటి ఉంది. అట్రిషన్ శాతాన్ని ప్రతి మూడు నెలలకూ ప్రకటిస్తున్నట్టే, ఎన్ని ఆఫర్లు ఇచ్చారో, అందులో ఎంతమందిని ఎన్ని నెలలకు చేర్చుకున్నారో కూడా ప్రకటించాలి.