ట్యాగ్ టీమ్ అంటే సగం పని కాదండీ: రింగులో ఆరేళ్లు గడిపినవాడి అపోహలు, వాస్తవాలు

మా జిమ్ పాలకొల్లులో ఉంది. పొద్దున్నే వచ్చే కుర్రాళ్లకి నేను ఒకప్పుడు టీవీలో డబ్ల్యూడబ్ల్యూఈ వాళ్లు చేసే తరహా రెజ్లింగ్ చేశానని ఎవరో ఒకరు చెప్పేస్తారు. ఇక బెంచ్ ప్రెస్ కింద పడుకునే మొదలుపెడతారు: "మాస్టారూ, అదంతా ఉత్తుత్తిదే కదండీ?" ఉత్తరాదిలో ఆరేళ్లు ఒకే జోడీతో ట్యాగ్ టీమ్‌గా, అంటే ఇద్దరం ఒక జట్టుగా, చిన్నా చితకా షోలు చేశాను. టీవీలో కనిపించేంత పెద్దవాళ్లం కాదు. అడిగిన ప్రతివాడికీ చెప్పలేక గొంతు పోతోంది కాబట్టి ఒకసారి రాసి పెడుతున్నాను.

అపోహ: ముందే అనుకుని చేస్తారు కాబట్టి దెబ్బలు తగలవు.

ముందే అనుకునే చేస్తాం. అది దాచే రోజులు ఎప్పుడో పోయాయి. 1989లో అప్పటి డబ్ల్యూడబ్ల్యూఎఫ్, అదే ఇప్పటి డబ్ల్యూడబ్ల్యూఈ, వాళ్లే న్యూజెర్సీ సెనెట్ ముందు ఇది పోటీ కాదు, వినోదం అని ఒప్పుకున్నారు. క్రీడ అంటే లైసెన్సులు, పన్నులు మీద పడతాయి మరి. అయినా దుర్యోధనుడి తొడ విరుగుతుందని తెలిసే కదండీ మన ఊళ్లలో రాత్రంతా మేలుకుని పద్యనాటకం చూసేది, నచ్చిన పద్యానికి వన్స్ మోర్ కొట్టేది! ఎవరు గెలవాలన్నది మేం అనుకుంటాం. కింద ఉన్న చెక్క మాత్రం మాతో ఏమీ అనుకోదు.

టీవీలో అది పరుపులా కనిపిస్తుంది. ఇనప దూలాలు, వాటి మీద ప్లైవుడ్, దాని మీద అంగుళం మందం ఫోమ్, పైన బిగించి కట్టిన కాన్వాసు. అంతే. వెల్లకిలా పడటాన్ని మేం బంప్ అంటాం. గడ్డం ఛాతీకి ఆనించాలి, ఊపిరి వదిలేయాలి, వీపు పైభాగమంతా ఒకేసారి తగలాలి, రెండు అరచేతులూ నేలని చరచాలి. గడ్డం ఒక్క క్షణం లేచిందంటే తల వెనక్కి పోయి చెక్కకి కొట్టుకుంటుంది. నేర్చుకున్న మొదటి నెల నేను బోర్లానే పడుకున్నాను. ఇప్పటికీ బండి రివర్స్ చేసేటప్పుడు మెడ ఎడమ పక్కకి పూర్తిగా తిరగదు.

అపోహ: కుస్తీ వస్తే ఇది వచ్చేసినట్టే.

ఒళ్లు గట్టిపడుతుంది, అంతవరకూ నిజం. కానీ కుస్తీలో వీపు నేలకి తగలకూడదు. ఇక్కడ మొదటి పాఠమే వీపు మీద పడటం. కర్ట్ యాంగిల్ 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో కుస్తీ స్వర్ణం గెలిచినవాడు. తర్వాత ఈ రెజ్లింగ్‌లోకి వస్తే ఆయనకీ పడటం మళ్లీ మొదటి నుంచి నేర్చుకోక తప్పలేదు.

అపోహ: ఇద్దరుంటారు కాబట్టి సగం పని. సింగిల్స్‌లో పనికిరానివాళ్లని ట్యాగ్ టీమ్‌లో పడేస్తారు.

దీనికే నాకు ఒళ్లు మండుతుంది.

ముందు ఆట ఎలా నడుస్తుందో చెబుతాను. జట్టుకి ఇద్దరు. ఒకడే రింగులో ఉండాలి. రెండోవాడు తాళ్ల బయట, రింగు అంచు మీద, తన మూలలో నిలబడాలి. ఆ మూలకి కట్టిన చిన్న తాడుముక్క పట్టుకుని, చెయ్యి చాపి, లోపలివాడి చేతిని తాకితేనే లోపలికి రావాలి. చేతులు మారాక మొదటివాడు బయటికి పోవడానికి రిఫరీ అయిదు లెక్కపెడతాడు. కాగితం మీద ఇంతే.

అసలు పని వేరే ఉంది. హీరో జట్టులో ఒకణ్ణి విలన్లు తమ మూలకి ఈడ్చుకుపోయి, రింగు సగానికి కోసినట్టు దారి మూసేసి, వంతులవారీగా చావబాదుతారు. వాడు దొర్లుతూ, పాకుతూ జోడీ చేతి దాకా వస్తాడు. వేళ్లు తగలబోతుండగా కాలు పట్టుకుని వెనక్కి లాగేస్తారు. ఇలా రెండు మూడుసార్లు. చివరికి చెయ్యి తగిలి రెండోవాడు దూకాడా, జనం లేచి నిలబడతారు. దాన్ని హాట్ ట్యాగ్ అంటాం. రాక్ అండ్ రోల్ ఎక్స్‌ప్రెస్ అని 1983లో కలిసిన జోడీ ఉంది, రికీ మోర్టన్, రాబర్ట్ గిబ్సన్. మోర్టన్ దెబ్బలు తింటుంటే జనం ఎంత అల్లాడేవారంటే, ఇప్పటికీ అమెరికాలో ఆ వేషాన్నే 'రికీ మోర్టన్ వెయ్యడం' అంటారు. కొట్టి పేరు తెచ్చుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు, దెబ్బలు తిని తన పేరే ఒక మాటగా మిగిల్చినవాడు ఈయన.

మా జోడీలో మోర్టన్‌ని నేను. ఒక సంక్రాంతికి, కనుమ రాత్రి, కోనసీమలో మా అమ్మమ్మగారి ఊరి దగ్గర షో పడింది. కోడిపందేల బరికి అవతల, సార్వా కోసేసిన మడిలో రింగు కట్టారు. పక్క చేలో దాళ్వా నాట్లకి నీళ్లు పెట్టారు. ఆ తేమ గట్టు దాటి ఊరి, ఆట మొదలయ్యేసరికి రింగు ఒక కాలు నాలుగు వేళ్లు దిగబడింది. కొబ్బరి మాను చెక్కలు రెండు కిందికి తోసి నిలబెట్టాం. అయినా ఆ మూలకి పరిగెడుతుంటే పల్లంలోకి జారుతున్నట్టే ఉండేది. విలన్లు కూడా తెలివైనవాళ్లు, నన్ను ఆ పల్లం మూలలోనే పడేసి బాదారు. అక్కణ్ణుంచి మా మూలకి పాకడమంటే గట్టెక్కడమే.

ముందు వరసలో ఒక మామ్మగారు కాసేపు ఓర్చుకుంది. ఇక ఆగలేక లేచొచ్చి, మూలలో తాడు పట్టుకుని నిలబడ్డ నా జోడీ, మావాడి కాలు పట్టుకుని లాగింది. "ఏవయ్యా, అక్కడ నీ తమ్ముణ్ణి చంపేత్తంటే ఆ తాడుముక్క పట్టుకుని ఏం చేత్తన్నావు? వదిలేసి ఎల్లవయ్యా!"

మావాడిది హర్యానా. ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ ఆవిడ ఏమంటోందో వాడికి తెలియకుండా ఎలా ఉంటుంది? తాడు వదల్లేదు. ఇంకా వంగాడు, చెయ్యి ఇంకా చాపాడు, ఆవిడ వైపు తిరిగి తాడు చూపించి తల అడ్డంగా ఊపాడు. చుట్టుపక్కల ఉన్నవాళ్లంతా ఆ తాడునే చూడటం మొదలెట్టారు. చేతులు కలిసినప్పుడు లేచిన అరుపుకి అవతల బరిలో పందెం ఆపి జనం ఇటు పరిగెత్తుకొచ్చారు.

ఆ రాత్రి షోని నిలబెట్టింది మావాడు, అదీ ఒక్క దెబ్బ కూడా కొట్టకుండా తాళ్ల బయట నిలబడి. బుర్రకథలో వంతలు ఇద్దరూ తందాన తాన అనకుండా ఊరుకుంటే కథకుడు ఎంత గొప్పవాడైనా ఏం చేస్తాడు? పక్కన నిలబడటం ఖాళీగా ఉండటం కాదు. మర్నాడు ఆ మామ్మగారు మా అమ్మమ్మని అడిగిందట, "ఆ తాడబ్బాయి అన్నం తిన్నాడా?" అని.

ఇద్దరూ కలిసి కొట్టే దెబ్బల సంగతి కూడా ఇంతే. రోడ్ వారియర్స్, అదే హాక్, యానిమల్, వాళ్ల డూమ్స్‌డే డివైస్ చూసే ఉంటారు. యానిమల్ ఎదుటివాణ్ణి భుజాల మీదికి ఎత్తుకుంటాడు, హాక్ పై తాడు మీద నుంచి దూకి మెడకి అడ్డంగా చెయ్యి వేస్తాడు. చూసేవాళ్ల కళ్లు దూకేవాడి మీద ఉంటాయి. మా కళ్లు కిందివాడి చేతుల మీద. పైవాడి కాళ్లు ఎప్పుడు వదలాలన్నది వాడి చేతిలోనే ఉంది. ముందు వదిలితే పైవాడు పట్టు లేకుండా పడిపోతాడు, ఆలస్యమైతే తిరగడం పూర్తికాక మెడ మీద పడతాడు. విలనో హీరోనో, ఆ క్షణంలో ముగ్గురూ ఒక జట్టే.

అపోహ: అన్నదమ్ములంటే అన్నదమ్ములే.

రెజ్లర్ల బొమ్మలుండే ట్రంప్ కార్డుల కాలం వాణ్ణి. ఛాతీ, కండ, బరువు, ఎన్ని ఫైట్లు, అన్నీ నోటికి వచ్చు. అండర్‌టేకర్, కేన్ సొంత అన్నదమ్ములని, ఒకడు నిప్పంటించి రెండోవాణ్ణి కాల్చాడని మా స్కూల్లో అందరం ప్రమాణం చేసి చెప్పేవాళ్లం. అండర్‌టేకర్‌కి ఏడు ప్రాణాలన్నది సరేసరి. అండర్‌టేకర్ అసలు పేరు మార్క్ కాలవే. కేన్ అసలు పేరు గ్లెన్ జేకబ్స్, 2018లో టెనెసీలోని నాక్స్ కౌంటీకి మేయరయ్యాడు. డడ్లీ బాయ్స్ అనే జోడీలో ఒకరు తెల్లవారు, ఒకరు నల్లవారు, ఏ చుట్టరికమూ లేదు. హార్డీల జోడీ మాత్రం నిజంగా అన్నదమ్ములు. ఉసోల జోడీ కవలలు.

మమ్మల్నీ పోస్టరు మీద అన్నదమ్ములనే వేసేవారు. పానిపట్‌లో ఎవడికీ పట్టలేదు గానీ, కోనసీమలో అదే పోస్టరు గోడలకి అంటించేసరికి టీకొట్టు దగ్గర మా నాన్నని నిలబెట్టి అడిగారట: "నీకు ఇంకో కొడుకు ఎప్పుడు పుట్టాడండీ, అదీ హర్యానాలో?" పాపం, ఆయన రెండ్రోజులు ఆ వైపు వెళ్లలేదు.

అపోహ: జోడీ విడిపోతే నిజంగా గొడవలే.

సాధారణంగా కాదు. 1992 జనవరిలో షాన్ మైకేల్స్ తన జోడీ మార్టీ జానెటీని కిటికీ అద్దంలోంచి బయటికి విసిరేశాడు. అది కథ. దాంతోనే షాన్ పెద్ద స్టార్ అయ్యాడు. బ్రెట్ హార్ట్, ఎడ్జ్ కూడా జట్టు నుంచి వచ్చి ఒంటరిగా ఛాంపియన్లయ్యారు. అందుకే జట్టంటే ఒక మెట్టని అనుకుంటారు. కానీ ఉసోలని చూడండి. ఒకే ట్యాగ్ టైటిల్‌ని 622 రోజులు ఉంచుకున్నారు. 2023 ఏప్రిల్ 1న డబ్ల్యూడబ్ల్యూఈ అన్నిటికన్నా పెద్ద షో రెజిల్‌మేనియా మొదటి రాత్రి ముఖ్యమైన ఆఖరి ఆట వాళ్లదే, కెవిన్ ఓవెన్స్, సామీ జేన్‌లతో. అదే ఏడాది సెప్టెంబరులో హైదరాబాద్ వచ్చిన జాన్ సీనా, గచ్చిబౌలిలో మన బాలయోగి గారి పేరున్న స్టేడియంలో ఆడిందీ ట్యాగ్ మ్యాచే, సెత్ రోలిన్స్‌తో కలిసి. అంత దూరం నుంచి వచ్చిన స్టార్ కూడా తాడు పట్టుకుని మూలలో నిలబడాల్సిందే.

మా జోడీ గొడవతో విడిపోలేదు. మావాడికి పెళ్లయింది, నాకు మెడ పోయింది.

అపోహ: డబ్బులు బాగా వస్తాయి.

పైన నలుగురికి వస్తాయి. డబ్ల్యూడబ్ల్యూఈ అంత పెద్ద కంపెనీలో కూడా రెజ్లర్లని ఉద్యోగులుగా కాదు, కాంట్రాక్టర్లుగానే చూస్తారు. హోటల్, కారు ఖర్చు చాలామంది సొంత జేబులోంచి పెట్టుకున్నవాళ్లే. మన దగ్గర చిన్న షోలలో జట్టు అంటే నిర్వాహకుడికి రెండు టికెట్లు, రెండు భోజనాలు. అందుకని ఒకడి రేటుకి ఇద్దర్నీ బేరమాడతాడు. స్లీపర్ బెర్త్ ఒకటే దొరికితే వంతులేసుకుని పడుకున్న రాత్రులు లెక్కలేదు. ఆ సంక్రాంతి షో పెట్టినాయన సగం డబ్బు పండగ లెక్కలు తేలాక ఇస్తానన్నాడు. అవి ఇంకా తేలలేదు.

ఇంత చదివినా నేర్చుకుంటానంటే, ఆదివారం పొద్దున ఆరింటికి రండి. ఫీజు లేదు. నా దగ్గర రింగు లేదు, మ్యాట్లున్నాయి, పడటం వరకూ నేర్పుతాను. ఒంటరిగా కాదు, మీ బరువుకి దగ్గరగా ఉండే ఫ్రెండుని వెంటబెట్టుకుని రండి. వెనక జేబులో తాళాలు, ఫోను ఇంట్లోనే పెట్టి రండి, పోయినసారి ఒకడు తాళంచెవి మీదే పడ్డాడు.